లివర్ క్యాన్సర్, నెల్లూరు మనిషి టీకా, సింగపూర్ టీ కణం: ఒకే ప్రోటీన్ కథ

నాయుడుపేట నుంచి మాట్లాడుతున్నాను. 2022లో జిల్లాలు మారాక కాగితాల మీద మాది తిరుపతి జిల్లా అయింది గానీ, నోరు తెరిస్తే నెల్లూరోళ్లమే. ఈ ఎపిసోడ్ చరిత్ర గురించే. కాకపోతే ఇందులో రాజులుండరు, కోటలుండవు. ఒక ప్రోటీన్ చరిత్ర ఇది. మామూలు కంటికి కనపడదు, కానీ మన చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో దాని ప్రభావం ఉంది.

ఈ మధ్య రీల్స్‌లో ఒక మాట బాగా తిరుగుతోంది. క్యాన్సర్‌కి జీన్ థెరపీ వచ్చేసిందంట, మన రక్తంలో కణాలనే బయటికి తీసి, మార్చి, మళ్లీ ఎక్కిస్తారంట, ఇంక భయం లేదంట అని. అందులో కొంత నిజం ఉంది. 2024 ఆగస్టులో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, టెసెల్రా అనే వైద్యానికి అనుమతి ఇచ్చింది. టీ కణాల రిసెప్టర్‌ని, అంటే టీసీఆర్‌ని, జన్యువుల స్థాయిలో మార్చి చేసే వైద్యం అది. శరీరంలో గడ్డగా పెరిగే క్యాన్సర్లలో ఈ రకం వైద్యానికి అనుమతి రావడం అదే మొదలు. అయితే అది లివర్ క్యాన్సర్‌కి వచ్చింది కాదు. సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్‌కి వచ్చింది. ధర ఎంతనుకుంటున్నారు? ఏడు లక్షల డాలర్ల పైమాటే. మన లెక్కలో ఆరు కోట్లు.

లివర్ క్యాన్సర్‌కి కూడా ఇదే దారిలో వైద్యం తయారవుతోంది. ఇంకా పరీక్షల దశలోనే ఉంది. నన్ను ఆకట్టుకున్న సంగతి ఏంటంటే, అందులో ఒక ముఖ్యమైన రకం, క్యాన్సర్ కణాన్ని ఒక వైరస్ ప్రోటీన్ ముక్కని చూసి గుర్తుపడుతుంది. సరిగ్గా అదే ప్రోటీన్‌తో 1997లో మన నెల్లూరు జిల్లా మనిషి ఒకాయన హైదరాబాద్‌లో టీకా తయారు చేయించి మార్కెట్‌లోకి తెచ్చారు. పరీక్షల దశలో ఉన్న ఈ వైద్యం వెతికేదీ, గవర్నమెంట్ ఆస్పత్రిలో బిడ్డ తొడకి వేసే ఉచిత సూది చూపించేదీ ఒకే గుర్తు. అదెలా అన్నదే ఈ రోజు కథ.

మొదటి నుంచి వద్దాం.

1960ల మొదట్లో అమెరికాలో బరూక్ బ్లంబర్గ్ అని ఒక డాక్టరు ఉండేవారు. ఆయన వెతుకుతున్నది క్యాన్సర్ మందు కాదు, టీకా కూడా కాదు. వేరువేరు దేశాల మనుషుల రక్తంలో ప్రోటీన్లు ఎలా తేడాగా ఉంటాయో చూడటం ఆయన పని. దేశదేశాల నుంచి రక్తం నమూనాలు తెప్పించుకునేవారు. హిమోఫీలియా ఉన్నవాళ్లకి జీవితంలో చాలాసార్లు రక్తం ఎక్కిస్తారు కదా, వాళ్ల రక్తంలో రకరకాల యాంటీబాడీలు తయారై ఉంటాయి. న్యూయార్క్‌లోని అలాంటి ఒక రోగి రక్తాన్ని మిగతా నమూనాలతో కలిపి చూస్తుంటే, ఆస్ట్రేలియా మూలవాసి ఒకరి రక్తంతో చర్య జరిగింది. దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టారు. అదేంటో మొదట్లో వాళ్లకే తెలీదు. తర్వాత కొన్నేళ్లకి తేలింది, అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని. ఇవాళ మనం ల్యాబ్ రిపోర్టులో ‘హెచ్‌బీఎస్‌ఏజీ’ అని చూస్తామే, అది ఇదే. ఈ కథలో హీరో అనండి, విలన్ అనండి, ఈ ప్రోటీనే. బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతారు, అది ఆయన పుట్టినరోజు.

సరే, వైరస్ దొరికింది. మరి దీనికీ క్యాన్సర్‌కీ లింకు ఏంటి? ఆ లింకుని గట్టిగా పట్టిచ్చింది తైవాన్. పామర్ బీస్లీ అనే అమెరికా డాక్టరు, ఆయన బృందం అక్కడ 22,707 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో కొందరి రక్తంలో ఈ ప్రోటీన్ ఉంది, ఎక్కువమందికి లేదు. 1981లో లెక్క బయటపెట్టారు. అప్పటికి లివర్ క్యాన్సర్‌తో 41 మంది చనిపోయారు. వాళ్లలో 40 మంది ఈ ప్రోటీన్ ఉన్నవాళ్లే. వైరస్ లేనివాళ్లలో పోయింది ఒక్కరు. ఇంత స్పష్టమైన లెక్క వైద్యంలో అరుదుగా వస్తుంది.

లివర్ క్యాన్సర్‌కి ఇదొక్కటే కారణం అనుకోకండి. మందు తాగడం, హెపటైటిస్ సి, ఫ్యాటీ లివర్ ముదరడం, ఇవన్నీ ఉన్నాయి. అయినా ప్రపంచం మొత్తం మీద చూస్తే హెపటైటిస్ బి పెద్ద కారణాల్లో ఒకటి.

ఇప్పుడు కాసేపు మన వైపుకి వద్దాం. మన పల్లెల్లో పచ్చకామెర్లు అనగానే ముందు గుర్తొచ్చేది ఏంటి? పసరు. ఫలానా ఊళ్లో ఫలానా ఆయన పొద్దున్నే పరగడుపున పోస్తాడు, మూడు రోజులు ఉప్పూకారం తగ్గించు, తగ్గిపోద్ది అంటారు. కొన్నిచోట్ల చేతికి వాత కూడా పెడతారు. చాలామందికి తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గుతుంది? కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఇ రకాల కామెర్లు చాలావరకు వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పేరు పసరుకి వస్తుంది. హెపటైటిస్ బి దారి వేరు. పెద్దవాళ్లలో కూడా కొన్నిసార్లు కామెర్లు తగ్గాక వైరస్ లోపలే ఉండిపోవచ్చు. ఇంకా చాలామందికి కామెర్లే రావు. ఇరవై ముప్ఫై ఏళ్లు చడీచప్పుడు లేకుండా లివర్‌లో కూర్చుంటుంది. కళ్లు పచ్చబడలేదు కాబట్టి జబ్బు లేదనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అలాగని పసరుని శాస్త్రవేత్తలు పట్టించుకోలేదని కూడా అనుకోకండి. మనకి నూట పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మద్రాసులో, మద్రాస్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్ బృందం నేల ఉసిరి మీద పని చేసింది. గట్ల మీద మొలుస్తుందే, ఆకుల కింద చిన్న చిన్న కాయలు ఉంటాయే, ఆ మొక్క. 1988లో లాన్సెట్ పత్రికలో వాళ్ల ఫలితాలు వచ్చాయి. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆస్ట్రేలియా యాంటిజెన్ కనపడకుండా పోయింది. ఉత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వ్యాసం రాసినవాళ్లలో ఎవరున్నారో తెలుసా? బ్లంబర్గ్. నోబెల్ వచ్చిన మనిషి మన గట్టు మీద మొక్కని సీరియస్‌గా తీసుకున్నారు. తర్వాత థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో అదే జాతి మొక్కతో పరీక్షలు చేస్తే ఆ ఫలితం రాలేదు. అందుకని అది మందుగా నిలబడలేదు. నాకు ఇందులో నచ్చింది పరీక్ష పెట్టిన పద్ధతి. మన మొక్క అని గొప్పలు పోలేదు, పల్లెటూరి వైద్యం అని తీసిపారేయనూ లేదు. లెక్క చూశారు, ఇంకోచోట మళ్లీ చూశారు, నిలబడకపోతే వదిలేశారు.

ఇక టీకా దగ్గరికి వద్దాం. 1981లో అమెరికాలో మొదటి హెపటైటిస్ బి టీకాకి అనుమతి వచ్చింది. దాన్ని ఎలా చేశారో వింటే ఆశ్చర్యపోతారు. వైరస్ ఉన్న మనుషుల రక్తం తీసుకుని, అందులోంచి ఆ పైపొర ప్రోటీన్‌ని వేరు చేసి, శుద్ధి చేసి సూదిగా వేశారు. పని చేసింది. కానీ రక్తం నుంచి టీకా అంటే జనం భయపడ్డారు, ఎయిడ్స్ గురించి అప్పుడే వింటున్న రోజులు. తర్వాత జన్యు ఇంజినీరింగ్ వచ్చింది. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువుని తీసి ఈస్ట్‌లో పెట్టారు. ఈస్ట్ అంటే బ్రెడ్డు పొంగడానికి వాడేదే. వైరస్ అవసరం లేదు, రక్తం అవసరం లేదు. ఈస్టే ఆ ప్రోటీన్‌ని తయారుచేసి ఇస్తుంది. 1986లో అమెరికాలో అలాంటి టీకా వచ్చింది. మన దేశానికి దిగుమతి అయ్యేది, కానీ ధర మామూలు కుటుంబం కొనగలిగేది కాదు. ఒక డోసుకే వందల రూపాయలు. మూడు డోసులు వేయించాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒక నెల జీతం కరిగిపోయేది.

ఇక్కడ మన మనిషి వస్తారు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. పుట్టింది నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెం. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్. బయాలజీతో సంబంధం లేదు. 1990ల మొదట్లో జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్తే, అక్కడ హెపటైటిస్ బి గురించీ, ఇండియాలో అది ఎంతమందిని పట్టుకుందో దాని గురించీ విన్నారు. టీకా టెక్నాలజీ ఇమ్మని ఒక విదేశీ కంపెనీని అడిగారు. మీరు కొనలేరు, కొన్నా మీ శాస్త్రవేత్తలకి అర్థం కాదు అనే ధోరణిలో జవాబు వచ్చిందని ఆయనే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. మనలో ఎవరికైనా కోపం వస్తుంది. ఆయనకీ వచ్చింది. ఆ కోపాన్ని పట్టుకుని 1993లో హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారు. తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ అని పేరు పెట్టారు.

సొంత బిల్డింగు లేదు. ఉస్మానియా యూనివర్సిటీలో చోటు తీసుకుని పని మొదలుపెట్టారు. తర్వాత సీసీఎంబీ ఆసరా ఇచ్చింది. బయోటెక్నాలజీ అంటే ఏంటో బ్యాంకులకి అప్పటికి తెలీదు, అప్పు పుట్టలేదు. ఒమన్ దేశ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ డబ్బు పెట్టారు. ఎక్కడి పాపిరెడ్డిపాళెం, ఎక్కడి ఒమన్! మన శాస్త్రవేత్తలు పికియా పాస్టోరిస్ అనే ఇంకో రకం ఈస్ట్‌ని ఎంచుకుని, అందులో ఆ వైరస్ పైపొర ప్రోటీన్‌ని పండించారు. 1997 ఆగస్టులో ‘షాన్‌వ్యాక్ బి’ మార్కెట్లోకి వచ్చింది. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలోనే తయారై, మనుషుల వైద్యానికి వచ్చిన మొదటి ఉత్పత్తి అదే. దిగుమతి టీకా కంటే ఎంతో తక్కువ ధరకి అమ్మారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ కూడా ఇదే టీకాతో వచ్చింది. పోటీ పెరిగింది, ధర ఇంకా ఇంకా దిగింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు రావడంతో యునిసెఫ్ ద్వారా బయటి దేశాల పిల్లలకి కూడా ఈ టీకా వెళ్లింది. 2005లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది. 2009లో కంపెనీ ఫ్రాన్స్‌కి చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. టెక్నాలజీ మీకు అర్థం కాదన్న పాశ్చాత్య దేశాల నుంచే కొనుక్కోవడానికి వచ్చారన్నమాట. మన పెద్దవాళ్లకి ఆయన ఇంకోలా కూడా గుర్తుంటారు. హాసం అనే హాస్య, సంగీత పత్రిక నడిపింది ఆయనే.

ఇది క్యాన్సర్ టీకా అని ఎవరూ పెద్దగా చెప్పలేదు. కామెర్ల టీకా అనే చెప్పారు. కానీ తైవాన్ లెక్క చూడండి. వాళ్లు 1984లో పుట్టిన బిడ్డలకి టీకా వేయడం మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ 1981-86 మధ్య లక్షకి 0.70 ఉండేది. 1990-94కి 0.36కి దిగింది. దాదాపు సగం. టీకాతో మనిషి క్యాన్సర్‌ని ఆపొచ్చు అని ప్రపంచానికి లెక్కలతో చూపించిన మొదటి రుజువుల్లో ఇది ఒకటి. ఆ రుజువు అచ్చయింది 1997లో. షాన్‌వ్యాక్ వచ్చిన ఏడాదే.

మరి టీకా ఉండగా జీన్ థెరపీ ఎందుకు? టీకా ముందే వేసుకున్నవాళ్లకి పనికొస్తుంది. వైరస్ లోపలికి వచ్చేశాక టీకా దాన్ని బయటికి పంపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షల మంది. వీళ్లలో కొందరికి రేపు క్యాన్సర్ రావచ్చు. వాళ్ల కోసమే రెండో కథ.

టీ కణాలంటే మన రక్తంలో తిరిగే కాపలావాళ్లు. శరీరంలో దాదాపు ప్రతి కణం లోపల తయారయ్యే ప్రోటీన్లలోంచి చిన్న చిన్న ముక్కల్ని బయటికి చూపిస్తూ ఉంటుంది. ముక్కని పట్టుకుని చూపించే పళ్లెం లాంటిదాన్ని హెచ్‌ఎల్‌ఏ అంటారు. టీ కణం మీదుండే రిసెప్టర్ ఆ పళ్లెంలో ఏముందో తడిమి చూస్తుంది. మన ముక్కే అయితే వదిలేస్తుంది. బయటిదైతే కణాన్ని చంపేస్తుంది. ఈ రిసెప్టర్ జన్యువులని 1984లో కనిపెట్టారు, టొరంటోలో టాక్ మాక్, అమెరికాలో మార్క్ డేవిస్ బృందాలు వేరువేరుగా. 2006లో అమెరికాలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం, రోగి టీ కణాలకి కొత్త రిసెప్టర్ జన్యువు పెట్టి చర్మ క్యాన్సర్ మీద ప్రయోగించింది. ఇద్దరిలో గడ్డలు కరిగాయి. మిగతావాళ్లలో కరగలేదు. అయినా దారి ఉందని తెలిసింది.

లివర్ క్యాన్సర్‌లో దీనికి ఒక వీలు ఉంది. హెపటైటిస్ బి వైరస్ లివర్ కణంలో ఏళ్ల తరబడి ఉన్నప్పుడు, దాని డీఎన్‌ఏ ముక్కలు కొన్ని మన డీఎన్‌ఏలోనే అతుక్కుపోతాయి. ఆ కణం క్యాన్సర్ కణంగా మారితే ఆ ముక్కలు కూడా దానితోనే ఉంటాయి. కొన్ని క్యాన్సర్లలో ఆ ముక్క వైరస్ పైపొర ప్రోటీన్‌ని తయారు చేస్తూనే ఉంటుంది. అంటే దొంగ పాత చొక్కా విప్పకుండా తిరుగుతున్నట్టు. మరి రోగి సొంత టీ కణాలు ఎందుకు పట్టుకోవు? ఏళ్ల తరబడి అదే వైరస్‌ని చూసి చూసి అవి అలిసిపోయి ఉంటాయి. అందుకని కొత్త రిసెప్టర్ పెట్టాలి.

సింగపూర్‌లో పనిచేసే ఆంటోనియో బెర్టొలెట్టి, లండన్‌లోని వసీమ్ ఖాసిమ్ తదితరులు ఈ పని చేశారు. 2015లో మొదటి రోగి వివరాలు అచ్చు వేశారు. ఆయనకి లివర్ మార్పిడి అయింది, అయినా క్యాన్సర్ వేరేచోట్లకి పాకింది. లివర్ మార్పిడి అయినవాళ్లనే ఎందుకు ఎంచుకున్నారో గమనించండి. కొత్త లివర్‌లో వైరస్ ఉండదు కాబట్టి, టీ కణాలు మంచి లివర్ మీద పడవు, క్యాన్సర్ మీదే పడతాయి. టీ కణాలు పనిచేశాయి, రక్తంలో ఆస్ట్రేలియా యాంటిజెన్ పడిపోయింది. కానీ గడ్డలు మాత్రం తగ్గలేదు. 2019లో ఇంకో ఇద్దరి ఫలితాలు వచ్చాయి. ఒకరిలో ఊపిరితిత్తుల్లోని ఆరు గడ్డల్లో అయిదు ఏడాదిలో చిన్నబడ్డాయి.

ఇద్దరు ముగ్గురి లెక్క అది, అంతే. ఈ వైద్యానికి హద్దులు కూడా ఉన్నాయి. ఒక్కో రిసెప్టర్ ఒక రకం హెచ్‌ఎల్‌ఏ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ వైరస్ ముక్కని చూపించకపోతే పనికిరాదు. అందుకే ఇంకా పరీక్షల్లో ఉంది. రీల్ చూసి ఎవరైనా లివర్ క్యాన్సర్‌కి టీ కణాల వైద్యం ఇప్పిస్తామని డబ్బు అడిగితే, ఇది ఏ క్లినికల్ ట్రయల్, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. ట్రయల్‌లో ఉన్న మందుకి రోగి దగ్గర డబ్బు వసూలు చేయడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు మన పని. ఈ ప్రోటీన్‌ని అందరికంటే చవగ్గా ఆపగలిగే సమయం ఒకటుంది. పుట్టిన మొదటి 24 గంటలు. వైరస్ ఉన్న తల్లి నుంచి పుట్టేటప్పుడే బిడ్డకి అంటుకుంటే, దాదాపు పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటుకుంటే వందలో అయిదుగురికి కూడా ఉండిపోదు. అందుకని ఆ మొదటి సూది ఆలస్యం కాకూడదు. తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్‌లో భాగంగా ఇదే టీకా మళ్లీ వేస్తారు. గవర్నమెంట్ ఆస్పత్రిలో ఇదంతా ఉచితం. మన రాష్ట్రంలో ప్రభుత్వ టీకాల జాబితాలో ఇది చేరింది 2000 తర్వాతే. దేశమంతటా విస్తరించడం 2011లో మొదలైంది. అంటే ఈ వీడియో చూస్తున్న మీలో ఇరవై దాటినవాళ్లు చాలామంది ఆ సూది పడకుండానే పెరిగి ఉండొచ్చు. అమ్మానాన్నలకైతే పడే అవకాశం ఇంకా తక్కువ.

అందుకని ఒక్కసారి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకోండి. ల్యాబ్‌లో కొన్ని వందల రూపాయలు అవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద గవర్నమెంట్ కేంద్రాల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం. నెగెటివ్ వస్తే టీకా వేయించుకోండి. పాజిటివ్ వస్తే హడలిపోకండి, పసరు దగ్గరికీ పరుగెత్తకండి. వైరస్‌ని అణిచి ఉంచే మాత్రలు ఉన్నాయి, క్యాన్సర్ ముప్పుని అవి బాగా తగ్గిస్తాయి. అందరికీ మాత్రలు అవసరం పడవు కూడా, అది డాక్టరు చూసి చెప్తారు. ఆర్నెల్లకోసారి స్కానింగ్ ఎందుకంటే, క్యాన్సర్ వచ్చినా చిన్నగా ఉన్నప్పుడే దొరకాలని.

ఇంకో మాట. ఇంట్లో ఎవరికైనా ఇది ఉందని తెలిస్తే కంచం వేరు, గ్లాసు వేరు చేయకండి. కలిసి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా, శారీరక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. రేజర్లూ బ్లేడ్లూ ఒకరివి ఒకరు వాడకండి. టాటూ వేయించుకుంటుంటే కొత్త సూది కళ్ల ముందు విప్పమనండి.

మీ ఇంట్లో, పక్కింట్లో ఎవరైనా కాన్పుకి ఆస్పత్రికి వెళ్తుంటే, వాళ్ల వాట్సాప్‌కి ఈ ఒక్క మాట పంపండి: ‘బిడ్డకి హెపటైటిస్ బి మొదటి సూది 24 గంటల్లోపు వేశారా అని అడగండి.’ అది చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.